మీ ఇంటి ధరల పెరుగుదల ఎంతో మీరే లెక్కేసుకోండి

2025 జూన్ లెక్కల్లో తెలంగాణలో ధరలు ఏడాది క్రితంతో పోలిస్తే 0.93 శాతం తగ్గాయని వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పెరుగుదల సున్నా. ఆ వార్త చదివిన వారంలోనే మా ఇంటి ఓనరు ఫోన్ చేసి వచ్చే నెల నుంచి అద్దె పదిహేను వందలు పెంచుతున్నానన్నారు, పిల్లల స్కూలు ఫీజు మొదటి టర్మ్ కట్టడానికి వెళ్తే అదీ కిందటేడు కంటే 12 శాతం ఎక్కువ. ఇదంతా చూసి ఈ ప్రభుత్వ లెక్కలన్నీ అబద్ధమనే అనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం కూర్చుని మా ఇంటి లెక్క మొత్తం వేశాక విషయం అర్థమైంది. వాళ్ళ లెక్కలో నాకు తప్పేం కనపడలేదు, కానీ ఆ లెక్కలోని ఇల్లు మా ఇల్లు కాదు. అప్పట్నుంచి ఏటా ఈ లెక్క వేస్తున్నాను. దాన్ని మీరెలా వేసుకోవచ్చో చెప్తాను, రెండు మూడు గంటల పని, ఎక్కాలు వస్తే చాలు.

ముందు ఆ పేపర్లో అంకె ఎలా తయారవుతుందో తెలియాలి. వినియోగదారుల ధరల సూచీ అంటే దేశంలో సగటు కుటుంబం కొనే సరుకులన్నీ ఒక బుట్టలో వేసి, ఆ బుట్ట ఖరీదు ఏడాదిలో ఎంత మారిందో చూడటం. ఏ సరుకు ఎంత ముఖ్యమో చెప్పడానికి దానికో వెయిటేజీ ఇస్తారు. పైన చెప్పిన 2025 నాటి లెక్క 2012 బేస్ సిరీస్‌ది, అంటే 2012 ధరల్ని వందగా పెట్టుకుని పోల్చేది, అందులో తిండీ పానీయాల వెయిటేజీ 45.86 శాతం. చదువుది 4.46. ఇంటి అద్దెది పట్టణాల్లో 21.67, పల్లెల్లో అసలు లేదు, రెండూ కలిపితే 10.07. ఆ జూన్‌లో దేశం మొత్తం మీద ఆహార ధరలు 1.06 శాతం తగ్గాయి, బుట్టలో దాదాపు సగం తిండే కాబట్టి మొత్తం అంకె కిందికి దిగింది. మరి నెల ఖర్చులో అయిదో వంతు స్కూలు ఫీజుకే పోయే ఇంటికి ఆ బుట్ట ఎలా సరిపోతుంది? 2026 నుంచి 2024 బేస్‌తో కొత్త సిరీస్ వచ్చింది, తిండి వెయిటేజీ తగ్గించారు, కొంత దగ్గరయింది. అయినా అది సగటే.

ఇక పనిలోకి వద్దాం. ఒక నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్లో షీట్ వాడటం అలవాటైతే అదే వాడండి. కిందటేడు ఇదే నెలలో మీ ఇంట్లో దేనికెంత అయిందో రాయాలి. ఇదే నెల అని ఎందుకంటున్నానంటే, మే నెల కరెంటు బిల్లుని డిసెంబరు బిల్లుతో పోల్చితే తెలిసేది ఎండ సంగతే కానీ ధర సంగతి కాదు. అందరూ ఆగిపోయేది ఇక్కడే, కిందటేడు ధరలు గుర్తుండవు. గుర్తుండాల్సిన పని లేదు, ఎక్కడో ఒకచోట ఉంటాయి. సరుకులు యాప్‌లో తెప్పించుకుంటుంటే పాత ఆర్డర్లన్నీ ధరలతో సహా అలాగే ఉంటాయి. స్కూలు రసీదు, గ్యాస్ బుకింగ్ మెసేజి, కరెంటు బిల్లు దొరుకుతాయి. ఖాతా పెట్టుకునే కిరాణా కొట్టు అయితే ఆయన్ని అడగండి, పాత పుస్తకం తీసి చూపిస్తారు. ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీ కూడా పనికొస్తుంది కానీ ఒక్క చిక్కుంది, అందులో 340 రూపాయలు ఇచ్చారనే ఉంటుంది, ఎన్ని కిలోలకో ఉండదు. కూరగాయల విషయంలో ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. సూపర్ మార్కెట్ బిల్లులైతే ఆర్నెల్లకే అక్షరాలు వెలిసిపోతాయి, ఇప్పట్నుంచి తీసుకున్న రోజే ఫోటో కొట్టి ఒక ఫోల్డర్లో పడేయండి.

ధర రాసేటప్పుడు ప్యాకెట్ ధర కాదు, కిలో ధర, లీటరు ధర రాయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. నూనె ప్యాకెట్ లీటరుదంటే 910 గ్రాములు అనుకుంటాం, ఇప్పుడు అదే సైజు కనపడే ప్యాకెట్లు 850, 800 గ్రాములవి కూడా అమ్ముతున్నారు, ధర పెరగలేదనుకుని తీసుకొస్తాం. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఇంకా పది రూపాయలే, లోపల గ్రాములు తగ్గాయి. బియ్యం బస్తాది ఇంకో కథ. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉండే ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, దాంతో మిల్లర్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. పాత బస్తా 25 కిలోలదై, కొత్తది 26 కిలోలదైతే బస్తాకి బస్తా పోల్చకూడదు. ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఎంత, కిలోకి ఎంత అని యూనిట్ సేల్ ప్రైస్ ముద్రిస్తున్నారు, చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చూడండి.

బుట్టలో ఏం వెయ్యకూడదో కూడా చెప్పాలి. చీటీ డబ్బులు, బంగారం, ఎల్ఐసీ, రికరింగ్ డిపాజిట్, ఇవన్నీ మన పొదుపు, ఖర్చు కాదు. హోమ్ లోన్ ఈఎమ్‌ఐ కూడా బయటే పెట్టండి, దాని సంగతి మళ్ళీ చెప్తాను. ఏడాదికోసారి కట్టేవి, అంటే ఫీజు, ఇన్సూరెన్స్, ఇంటి పన్ను లాంటివి, 12 పెట్టి భాగించి నెలకి ఎంతో రాయండి.

ఇప్పుడు అసలు లెక్క. హైదరాబాద్‌లో అద్దెకుండే నలుగురి కుటుంబం, కిందటేడు నెల ఖర్చు 50,000 అనుకుందాం. ప్రతి అంకె పక్కనా, అదే సరుకు అంతే మోతాదులో కొంటే ఈ ఏడు ఎంతవుతుందో రాస్తున్నాను.

అద్దె 15,000, ఇప్పుడు 16,500
బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు 13,000, ఇప్పుడు 13,130
స్కూలు ఫీజు నెలకి 10,000, ఇప్పుడు 11,200
పెట్రోలు, బస్సు 4,000, ఇప్పుడూ అంతే
కరెంటు, గ్యాస్, నీళ్ళు, ఫోన్లు 3,000, ఇప్పుడు 3,150
మందులు, డాక్టరు 3,000, ఇప్పుడు 3,240
మిగతావి 2,000, ఇప్పుడు 2,120

కూడితే 53,340. పెరిగింది 3,340, దాన్ని 50,000తో భాగించి వందతో హెచ్చిస్తే 6.68 శాతం. ఈ ఇంటి ద్రవ్యోల్బణం ఇది. పేపర్లో ఒక శాతమో రెండు శాతమో ఉన్న రోజున కూడా ఈ ఇంటికి ఇంతే.

అక్కడితో ఆపకండి. 3,340లో ఏది ఎంతో చూడండి. అద్దె 1,500, ఫీజు 1,200, ఈ రెండే 2,700. అంటే అయిదింట నాలుగు వంతులు రెండే రెండు లైన్లలో ఉంది, ఆ రెండూ ఏడాదికోసారి తేలిపోయేవి. మనం రోజూ టెన్షన్ పడేది టమాటా దగ్గర, ఉల్లిపాయ దగ్గర, బండివాడితో అయిదు రూపాయల కోసం వాదించేదీ అక్కడే. మొదటిసారి మా లెక్కలో ఇది చూసినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ పెద్ద పెంపు గురించి ఓనరుతో పది నిమిషాలు కూడా మాట్లాడలేదు, సరే అండీ అని ఫోన్ పెట్టేశాను.

అసలు ఎందుకిలా అవుతోందంటే, టమాటా రేటు పెరిగితే రైతులు ఎక్కువ వేస్తారు, మూడు నెలల్లో పంట వస్తుంది, రేటు దిగుతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో 200 దాకా పోయింది, ఆంధ్రాలో రైతుబజార్లలో 50 రూపాయలకి క్యూ కట్టించి అమ్మారు, ఆ నెల దేశం ద్రవ్యోల్బణం 7.44 శాతం. కొన్నాళ్ళకే మళ్ళీ దిగొచ్చింది. భూమి అలా కాదు, హైదరాబాద్ పడమటి వైపున్న కోకాపేటలో ఇంకో కోకాపేట పండదు. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100.75 కోట్లు పలికింది, 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు. ఆ వేలంపాటకీ బోడుప్పల్లో మన టూ బీహెచ్‌కేకీ సంబంధం లేదనుకుంటాం కానీ ఉంది. అక్కడ కొనలేనివాళ్ళు పక్కకి వస్తారు, పక్కవాళ్ళు ఇంకా పక్కకి, చివరికి ఆ జరుగుడు మన వీధి దాకా వస్తుంది. ఊరు వేగంగా ఎదుగుతుంటే బడి, ఆసుపత్రి, ఇల్లు, నీళ్ళు అదే వేగంతో ఎదగవు, ఉన్నవాటికోసం అందరం పోటీపడతాం. ఫ్యాక్టరీలో తయారయ్యే టీవీ చవకవుతుంది, మనిషి దగ్గరుండి చేయాల్సిన పని ఖరీదవుతుంది.

ఆ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇంట్లో పనికొచ్చే అక్క జీతం పెంచమంటే దాన్ని కూడా ధరల పెరుగుదల ఖాతాలో రాసి నిట్టూర్చేవాళ్ళని చూశాను. ఆవిడకీ అద్దె పెరిగింది, ఆవిడ పిల్లలకీ ఫీజు పెరిగింది, ప్రభుత్వ ఉద్యోగులకిచ్చే కరువు భత్యం (డీఏ) లాంటిదేమీ రాదు. మీ లెక్క 6.68 వస్తే ఆవిడ జీతం కనీసం అంత పెంచితేనే ఆవిడ నిరుడు ఉన్నచోట ఉన్నట్టు, అంతకు తక్కువైతే మనం జీతం తగ్గించినట్టే. ఈ లైన్లో మాత్రం దయచేసి పొదుపు చేయకండి.

ఇప్పుడు లెక్కలో రెండో సగం, నా దృష్టిలో ఇదే అసలైనది. పైన 53,340 అనేది అదే సరుకు అదే మోతాదులో కొంటే అయ్యే ఖర్చు. మరి ఈ ఏడు నిజంగా ఎంత ఖర్చయింది? బ్యాంక్ స్టేట్‌మెంట్ చూస్తే 61,000 ఉందనుకోండి. అంటే మొత్తం 11,000 పెరిగితే అందులో ధరల వల్ల 3,340, మిగతా 7,660 మనం మారడం వల్ల. బస్సు మానేసి బండి తీయడం, వారానికోసారి బయటినుంచి తెప్పించుకునేది మూడుసార్లు కావడం, పాప స్టేట్ సిలబస్ నుంచి ఇంటర్నేషనల్ అని బోర్డున్న స్కూలుకి మారడం, ఇవన్నీ అందులో ఉంటాయి. ఇందులో తప్పేం లేదు, మా నాన్నగారి తరం ఏసీ కొనలేదని మనం కొనకూడదని కాదు. కానీ ఈ రెండింటినీ కలిపేసి ధరలు మండిపోతున్నాయి అనేస్తే ఏం చేయాలో తెలియదు. ధర మీద మన చేతిలో ఉన్నది తక్కువ, బేరం, చవకైనదానికి మారడం, జీతం అడగడం అంతే. రెండోదాని మీద పూర్తిగా మనదే నిర్ణయం, ఇంటిల్లిపాదీ కూర్చుని ఏది ఉంచాలో ఏది వదలాలో మాట్లాడుకోవచ్చు. అయితే కొన్ని మార్పులు మనం కోరుకున్నవి కావు. మంజీరా నీళ్ళు సరిగ్గా రాక ట్యాంకర్ తెప్పిస్తే, దగ్గర్లో అద్దె భరించలేక దూరం మారి పెట్రోలు పెరిగితే, వాటిని మన విలాసం కింద రాయకండి. నేను వాటికి మూడో కాలమ్ పెట్టాను, ఊరు పెరిగినందుకు మనం కట్టేది అని. మా ఇంట్లో అది నెలకి రెండు వేలు దాటింది.

ఒకే పెంపు ఇద్దరికి ఒకేలా తగలదని కూడా గుర్తుంచుకోండి. 2025 మేలో హైదరాబాద్ మెట్రో చార్జీలు పెరిగి, తర్వాత పది శాతం తగ్గించాక కనీసం 10 నుంచి 11కి, గరిష్ఠం 60 నుంచి 69కి వచ్చింది. దగ్గర స్టేషనువాళ్ళకి పది శాతం, ఆ చివర్నుంచి ఈ చివరికి వెళ్ళేవాళ్ళకి 15. అలాగే తగ్గినవీ రాయాలి. మహిళలకి ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఉంది, రోజూ బస్సెక్కే ఆడవాళ్ళున్న ఇంట్లో ఆ లైను సున్నా అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకున్న హెల్త్ ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ తీసేశారు, మీ రెన్యువల్ ప్రీమియంలో 18 శాతం పన్ను పోయిందో లేదో చూసుకోండి, పోయినా మొత్తం తగ్గలేదంటే బేస్ ప్రీమియం పెంచారన్నమాట.

వ్యవసాయం ఉన్న ఇంటికి ఈ లెక్క రెండు పేజీలు కావాలి, ఒకటి కొనేవి, ఇంకొకటి అమ్మేవి. తిండి ధరలు తగ్గాయని పట్నంలో సంతోషించిన 2025లోనే గుంటూరు మిర్చి రైతుకి రేటు పడిపోయింది, ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకునే పథకం ప్రకటించాల్సి వచ్చింది. రైతు ఎరువు, కూలి, డీజిలు ధరలు ఒక పక్క, అమ్మిన రేటు ఇంకో పక్క రాసి రెండింటి తేడా చూడాలి. అమ్మే రేటు 20 శాతం తగ్గి, కొనేవి రెండు శాతమే పెరిగినా ఆ ఇంటికి అది చెడ్డ ఏడాదే, పేపర్లో ద్రవ్యోల్బణం ఎంత తక్కువున్నా సరే.

అంకె వచ్చింది, దాంతో ఏం చేయాలి?

మొదట జీతం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి జనవరి, జులైల్లో డీఏ పెంచుతారు, దానికి పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ఆధారం. ప్రైవేటు ఉద్యోగికి అలాంటిదేమీ లేదు, అడగాలి. అప్రైజల్‌లో 5 శాతం వచ్చి మీ ఇంటి లెక్క 6.68 ఉంటే మీ జీతం తగ్గినట్టే. ఆఫీసులో స్కూలు ఫీజు గోల చెబితే ఎవరూ వినరు, మీరు చేసిన పని చూపించే అడగాలి, కానీ ఎంతకంటే కిందికి ఒప్పుకోకూడదో ఆ గీత మీ మనసులో ఉంటుంది.

తర్వాత అద్దె. మనవైపు 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటాం, అయిపోగానే అయిదు నుంచి పది శాతం పెంపు అడుగుతారు. గడువుకి రెండు నెలల ముందే మీరే మాట ఎత్తండి. ఆ వీధిలో టూలెట్ బోర్డులున్న మూడిళ్ళకి ఫోన్ చేసి రేట్లు కనుక్కుని మాట్లాడండి. రెండేళ్ళుంటాం, ఏడాదికి 5 శాతం అని కాగితం మీద రాసుకుందాం అంటే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, ఇల్లు నెల ఖాళీగా ఉంటే వాళ్ళకి పోయేది ఏడాది అద్దెలో ఎనిమిది శాతం పైనే. నేను రెండోసారి ఇలాగే అడిగాను, పది అన్నాయన ఆరుకి వచ్చారు.

స్కూలు ఫీజు బేరం కష్టం. చేరేముందే గత మూడేళ్ళు ఏటా ఎంత పెంచారో పాత తల్లిదండ్రులని అడగండి, మొదటేడు ఫీజు కంటే ఈ అంకె ముఖ్యం. ఏటా 12 శాతం పెరిగితే ఆరేళ్ళకి రెట్టింపు. ఈ లెక్కకి సులువైన పద్ధతి ఉంది, 72ని శాతంతో భాగిస్తే ఎన్నేళ్ళకి రెట్టింపవుతుందో వస్తుంది. 6.68 అయితే దాదాపు పదకొండేళ్ళు, అంటే ఇప్పుడు నెలకి 50,000తో నడిచే ఇల్లు పాప ఇంటర్‌కి వచ్చేసరికి లక్ష అడుగుతుంది. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతమే మీ ఇంట్లోనూ ఉంటే 18 ఏళ్ళు పట్టేది. పొదుపు ఎంత చేయాలో ఆలోచించేటప్పుడు మీ అంకె వాడండి. ఎఫ్‌డీ వడ్డీ, పన్ను పోగా, మీ అంకె కంటే తక్కువైతే ఆ డబ్బు పెరుగుతున్నట్టు కనపడుతూ కరుగుతోంది. అత్యవసరానికి ఆర్నెల్ల ఖర్చు దాంట్లో ఉంచడం మాత్రం మానొద్దు, దాని పని వేరు.

ఈఎమ్‌ఐ సంగతి చెప్తానన్నాను. ధరలు అదుపు తప్పినప్పుడు రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచుతుంది. 2022 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 అయ్యాక మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్ళారు. చాలా బ్యాంకులు ఈఎమ్‌ఐ అలాగే ఉంచి గడువు పెంచేశాయి, ఇరవై ఏళ్ళ లోన్ పాతికేళ్ళు దాటిపోయినవాళ్ళున్నారు, వాళ్ళలో కొందరికి ఇంకా తెలియదు. 2025లో రెపో మళ్ళీ తగ్గుతూ డిసెంబరుకి 5.25కి వచ్చింది. మీ లోన్ స్టేట్‌మెంట్ తీసి మిగిలిన నెలలెన్నో, ఇప్పటి వడ్డీ ఎంతో చూడండి. తగ్గింపు మీకు రాకపోతే బ్యాంకుకి వెళ్ళి అడగండి, కొద్దిగా ఫీజు కట్టించుకుని రేటు మారుస్తారు.

లెక్క ఏటా వేసినప్పుడు ఒక తప్పు జరుగుతుంది. నిరుడు టమాటా 100 ఉండి ఈ ఏడు 40కి వస్తే 60 శాతం తగ్గినట్టు, వచ్చే ఏడు 60 అయితే 50 శాతం పెరిగినట్టు వస్తుంది, అయినా రెండేళ్ళ కిందటి కంటే తక్కువే. అందుకే కూరగాయలకి ఒక్క నెల ధర కాకుండా మూడు నెలల సగటు రాయండి, నోట్‌బుక్‌లో రెండేళ్ళ కిందటి కాలమ్ కూడా ఉంచుకోండి.

జూన్ అయితే ఫీజు, పుస్తకాలు, బస్సు అన్నీ తేలిపోతాయి కాబట్టి నేను ఆ నెలే వేస్తాను. మీకు అంత ఓపిక లేకపోతే మొదటిసారికి ముప్పై సరుకులు వద్దు, మీ ఇంట్లో పెద్ద ఖర్చులు అయిదు చాలు, ఈ నెల వాటి రసీదుల ఫోటోలు తీసి పక్కన పెట్టండి. వచ్చే ఏడు ఇదే నెలలో కిందటేడు ధర ఎంతో వెతుక్కునే పని ఉండదు.